ముప్పై ఏళ్ళ తర్వాతి ఎండకు ఇప్పుడు ఏ చెట్టు నాటాలి?

మీ కాలనీ సంఘం తరఫున మీరు వివరించిన పరిస్థితి ఇది: హైదరాబాదు పడమటి శివారులో పదేళ్ళ కిందట వేసిన లేఅవుట్, 40 అడుగుల రోడ్లు, రోడ్డుకు ఒక పక్క కరెంటు తీగలు, మధ్యలో ఒక పార్కు, ఆ పార్కు పల్లపు మూలన వాన పడ్డాక రెండు రోజుల పాటు నిలిచే నీళ్ళు. ఇప్పుడున్న కోనోకార్పస్ వరుసలను తీసివేసి, వేగంగా పెరిగేదీ, ఆకు రాల్చనిదీ, సంరక్షణ పెద్దగా అక్కరలేనిదీ అయిన ఒక మంచి జాతిని చెప్పమన్నారు. విశాఖపట్నంలో మీ తమ్ముడుగారి ఇంటి ముందు కూడా అదే నాటవచ్చా అని అడిగారు. ఒక్క జాతి పేరు చెప్పి ముగించగలిగిన ప్రశ్న కాదు కనుక కొంత వివరంగా రాస్తున్నాను.

ముందుగా మీ కొలమానాన్ని మార్చుకోమని కోరుతున్నాను. ఈ వానాకాలంలో మీరు నాటే మొక్క దారిన పోయేవారికి నీడనిచ్చే స్థాయికి రావడానికి పది, పదిహేనేళ్ళు పడుతుంది. ఆ తర్వాత అది బతకవలసిన నలభై, యాభై ఏళ్ళు మనం ఇంతకాలం చూసిన వాతావరణంలో గడవవు. 2015 మే నెల వడగాలులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఏడాది మొత్తం మీద దాదాపు 80 సెంటీమీటర్ల వాన పడే హైదరాబాదులో, 2020 అక్టోబరు 13న చాలాచోట్ల ఒక్క రోజులోనే 20 సెంటీమీటర్లకు పైగా కురిసింది. ఎండ ముదరడం, వాన తక్కువ రోజుల్లో కుండపోతగా పడడం, వానకూ వానకూ మధ్య ఎండు రోజులు పెరగడం అనే మూడు మార్పులనూ ఒకే చెట్టు భరించవలసి వస్తుంది. అందువల్ల ఏది త్వరగా పెరుగుతుందన్నది తర్వాతి మాట. మే నెలలో ఎండి బిగుసుకుపోయిన నేలలోనూ, అక్టోబరులో నాని మెత్తబడిన నేలలో ఈదురుగాలి కొట్టినప్పుడూ నిలబడగలిగేది ఏది అని అడగాలి.

దీన్ని తెలుసుకోవడానికి నేను నమ్మే పద్ధతి ఒకటుంది. మీ ఊరి కంటే వేడిగా ఉండే ఊళ్ళకు మే నెల మూడో వారంలో వెళ్ళి, మిట్టమధ్యాహ్నం జనం ఏ చెట్టు కింద ఆగుతున్నారో చూడండి. రామగుండం, భద్రాచలం, రెంటచింతల వంటి చోట్ల ఈనాడు నీళ్ళు పోసేవారు లేకుండా పచ్చగా నిలిచిన చెట్లే రేపటి హైదరాబాదుకు పనికివస్తాయి. అదే జాతి ఎక్కువ వాన పడే కోస్తా ఊళ్ళలోనూ బాగా పెరుగుతున్నట్టయితే ఇక సందేహించనక్కరలేదు. వేప, చింత, నేరేడు, కానుగ, మర్రి, రావి అనంతపురం వంటి మెట్టలోనూ కనిపిస్తాయి, గోదావరి గట్ల మీదా కనిపిస్తాయి. ఇంత విస్తృతమైన పరిధిలో బతికే జాతికి మారే వాతావరణం అంత కొత్తగా ఉండదు.

ఇప్పుడు ఆకు రాల్చే విషయం. మీరు అడగవలసింది చెట్టు ఆకు రాలుస్తుందా అని కాదు, ఎప్పుడు రాలుస్తుంది అని. మన ప్రాంతపు చెట్లలో చాలా వరకు ఏడాదికొకసారి ఆకు మారుస్తాయి. కానుగ శీతాకాలం చివర పాత ఆకును వదిలి, మార్చి, ఏప్రిల్ నెలల్లో నిగనిగలాడే లేతాకును కప్పుకుంటుంది. తారు రోడ్డు కాలిపోయే ఏప్రిల్, మే నెలల్లో దాని కింద నీడ చిక్కగా ఉంటుంది. ఆ నీడలోనే లేత ఊదా, తెలుపు కలిసిన చిన్న పూలు నేల మీద పరుచుకుని ఉంటాయి, పైన తేనెటీగల సందడి వినబడుతుంది. వేప, రావి కూడా దాదాపు ఇదే క్రమంలో వేసవి ముదిరేలోపు చిగురిస్తాయి. దీనికి భిన్నంగా ఎర్ర తురాయి మార్చి, ఏప్రిల్ నెలల్లో బోడిగా నిలబడి, మండుటెండలో కొమ్మల నిండా పూలు పూస్తుంది. ఆ అందాన్ని నేనూ ఇష్టపడతాను, కానీ బస్సు కోసం నిలబడ్డ మనిషికి ఆ రోజుల్లో కావలసింది ఆకు. మోదుగ, బూరుగ, టేకు కూడా వేసవిలో నీడనివ్వవు. వాటిని పార్కులో అక్కడక్కడ నాటండి, నడిచే దారి పొడవునా వద్దు. కానుగ ఆకుల మీద తెల్లటి చారలు, చిన్న చిన్న బుడిపెలు చూసి చాలామంది తెగులని భయపడి మందు కొట్టిస్తారు. అవి ఆకును ఆశించే చిన్న పురుగులు, నల్లుల వల్ల వచ్చేవి, చెట్టు బలానికి వాటితో ముప్పు లేదు. రాలిన ఆకు సంగతికి వస్తే, దాన్ని చెత్తగా చూడకండి. అది ఎందుకు కావాలో కిందనే చెబుతాను.

జాతి కంటే ముందు నేలను పరీక్షించాలి. మీ వైపు పైన అడుగో అడుగున్నరో ఎర్రమట్టి, దాని కింద మొరం, ఇంకా కింద రాయి ఉంటుంది. ఇళ్ళు కట్టినప్పుడు మిగిలిన కంకర, సిమెంటు పెళ్ళలు కూడా రోడ్డు పక్కనే పూడ్చి ఉంటారు. అందులో మీటరు లోతు, మీటరు వెడల్పు గుంత తవ్వి మంచి మట్టి నింపితే సరిపోతుందని అనుకుంటాం. కానీ చుట్టూ గట్టి మొరం ఉన్నప్పుడు ఆ గుంత నీటితొట్టిలా తయారవుతుంది, కుండపోత వాన పడినప్పుడు నీరు బయటికి పోయే దారి లేక వేర్లకు గాలి అందదు, మొక్క నిలువునా ఎండిపోతుంది. మనం నీళ్ళు చాలలేదనుకుని ఇంకా పోస్తాం. కాబట్టి నాటడానికి నెల ముందే ప్రతి గుంతలోనూ అంచు వరకు నీరు నింపి, అది ఇంకిపోయాక రెండోసారి నింపి, మర్నాడు అదే వేళకు వెళ్ళి చూడండి. నీరు పూర్తిగా ఇంకిన గుంతల్లో మెట్ట జాతులు పెట్టండి. సగం నీరు అలాగే ఉన్నచోట గుంత అడుగును, పక్కలను గునపంతో పొడిచి వదులు చేయండి. అప్పటికీ ఇంకకపోతే ఆ చోటు తడిని ఓర్చుకునే జాతికే తగినదని గ్రహించండి. మీ పార్కు పల్లపు మూల సహజంగా ఆ కోవలోకే వస్తుంది. అక్కడ నేరేడు, తెల్లమద్ది నాటండి. వాగుల ఒడ్డున పుట్టే తెల్లమద్దికి మొదలు దగ్గర కొన్ని రోజులు నీరు నిలిచినా బాధ లేదు, వేర్లు దిగాక వేసవినీ తట్టుకుంటుంది. కానుగ కూడా రెండు పరిస్థితుల్లోనూ నెగ్గుకువస్తుంది.

వేర్లు లోతుకు పోతాయని మనకు ఒక నమ్మకం. నిజానికి చెట్టును పోషించే వేర్లలో ఎక్కువ భాగం పై రెండు మూడు అడుగుల మట్టిలోనే ఉండి, కొమ్మల అంచును దాటి పక్కలకు విస్తరిస్తాయి. అందుకని లోతైన ఇరుకు గుంత కంటే వెడల్పైన గుంత మేలు. రెండు చెట్ల మధ్య మట్టిని కలుపుతూ పొడవైన కందకంలా తవ్వగలిగితే మరీ మేలు. మొదలు చుట్టూ సిమెంటు పోయవద్దు, టైల్స్ పరచవద్దు. ఢిల్లీలో చెట్ల మొదళ్ళ చుట్టూ ఒక మీటరు మేర కాంక్రీటును తొలగించాలని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2013లోనే ఆదేశించింది. మన ఊళ్ళలో ఫుట్‌పాత్ వేసే కాంట్రాక్టరుకు ఈ మాట పని మొదలయ్యే ముందే లిఖితపూర్వకంగా ఇవ్వడం మీ సంఘం చేయగల ముఖ్యమైన పని.

ఒకే జాతిని వరుసగా నాటవద్దని ఎందుకంటున్నానో మీ కాలనీలోని వేపచెట్లే చెబుతాయి. 2021లో తెలంగాణ అంతటా వేపచెట్ల చివర్లు మాడి, కొమ్మలు పైనుంచి కిందికి ఎండుకుంటూ వచ్చాయి. అది ఒక శిలీంధ్రం వల్ల వచ్చే తెగులు, దానికి తోడు టీ దోమ అనే పురుగు రసం పీల్చి కొమ్మలను ఇంకా బలహీనపరచింది. తర్వాత చాలా చెట్లు మళ్ళీ చిగురించాయి, వేప అంత తేలిగ్గా చచ్చే చెట్టు కాదు. అయినా వీధంతా వేపలే ఉన్నచోట ఆ ఏడాది నీడే లేకుండా పోయింది. అమెరికాకు చెందిన ఫ్రాంక్ శాంటమోర్ అనే శాస్త్రవేత్త 1990లో నగరాలకు ఒక సూత్రం చెప్పాడు: మొత్తం చెట్లలో ఒక జాతివి 10 శాతానికి, ఒకే ప్రజాతికి, అంటే దగ్గరి జాతుల గుంపుకు, చెందినవి 20 శాతానికి, ఒకే కుటుంబానికి చెందినవి 30 శాతానికి మించకూడదు. మన దగ్గర కుటుంబపు లెక్కను కచ్చితంగా పాటించడం కష్టమే, ఎందుకంటే కానుగ, చింత, రేల, తురాయి, నిద్రగన్నేరు, మోదుగ అన్నీ చిక్కుడు కుటుంబానివే. కనీసం మొదటి మాటనైనా పాటించండి. నూరు మొక్కలు నాటితే ఏ జాతివీ పదికి మించనివ్వకండి.

ఇక మీ వీధుల సంగతి. తీగలు లేని పక్కన కానుగ, వేప, పొగడ, నెమలినార, నారేప కలిపి నాటవచ్చు. పొగడ నెమ్మదిగా పెరుగుతుంది, కానీ ఏడాది పొడవునా దట్టంగా ఉండి, గాలికి తేలికగా విరగదు. ఆకు రాల్చని చెట్టే కావాలని సభ్యులు పట్టుబడితే వారికి చూపించవలసింది ఇదే. నారేప కర్నూలు, అనంతపురం రాతినేలల్లో పెరిగే చెట్టు, దాని ఓర్పుకు సాటి రాగలిగినవి తక్కువ. నర్సరీల్లో అరుదుగా దొరుకుతుంది కనుక ఏడాది ముందే చెప్పి పెంచమనాలి. నెమలినార పుప్పొడి కొందరికి పడదు. ఆసుపత్రి, బడి పక్కన దాన్ని మానేయండి.

తీగల కింద పెద్ద చెట్టు నాటి, ఏటా వానాకాలానికి ముందు కరెంటువాళ్ళ చేత తల నరికించడం చెట్టుకూ మనుషులకూ ప్రమాదమే. నరికినచోట గుత్తులుగా వచ్చే కొత్త కొమ్మలకు పట్టు ఉండదు, నాలుగైదేళ్ళలో అవే గాలికి ఊడిపడతాయి. ఆ పక్కన దేవకాంచనం, అంకుడు, ఉసిరి, మారేడు, పారిజాతం వంటి చిన్న చెట్లు చాలు. రేల కూడా పెట్టవచ్చు, అయితే తీగలకు ఎడంగా.

పార్కులో మాత్రం పెద్ద మనసుతో నాటండి. ఒక మర్రి, ఒక రావి, రెండు చింతలు, ఒక ఇప్ప ఉండనివ్వండి. మర్రి, రావి, జువ్వి వంటివాటిని గోడలకు, డ్రైనేజీ పైపులకు కనీసం పది, పదిహేను మీటర్ల దూరంలో పెట్టాలి. పక్షులకు ఏడాదిలో ఏ నెలైనా ఎక్కడో ఒక చెట్టు పండు మీద ఉండేలా చూసేది ఈ కుటుంబమే. హైదరాబాదు నుంచి చేవెళ్ళ మీదుగా బీజాపూరు వెళ్ళే రోడ్డు పక్కనున్న మర్రుల కింద నుంచి మే నెలలో ఒకసారి ప్రయాణం చేసినవారికి పెద్ద చెట్టు విలువను వేరే చెప్పనక్కరలేదు. చింత గురించి ఈ నగరానికి సొంత సాక్ష్యమే ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు, ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. అంత వరదను తట్టుకుని నిలిచిన ఆ చెట్టు తర్వాత నూరేళ్ళకు పైగా ఎండలనూ భరించింది. చింత ఆఫ్రికా నుంచి వచ్చిందని శాస్త్రవేత్తలు అంటారు. కాబట్టి స్వదేశీ, విదేశీ అన్న ఒక్క గీత గీసి చెట్లను తూచడం నాకు సమ్మతం కాదు. ఇక్కడి నేలతో, పురుగులతో, పక్షులతో, మనుషులతో ఎంతకాలంగా కలిసి బతుకుతోందన్నది చూడాలి.

అదే దృష్టితో కోనోకార్పస్ గురించి చెబుతాను. ఎండనూ, ఉప్పు నేలనూ, నిర్లక్ష్యాన్నీ తట్టుకుంటుందన్నది నిజం, అందుకే నగరాలన్నీ దాని మీద మొగ్గు చూపాయి. కానీ దాని వేర్లు నీళ్ళ పైపుల్లోకి, మురుగు కాలువల్లోకి చొరబడతాయని, పుప్పొడి వల్ల శ్వాస ఇబ్బందులు వస్తున్నాయని ఫిర్యాదులు పెరగడంతో, తెలంగాణలో దాన్ని నాటవద్దని 2022లో ఆదేశాలు వచ్చాయి, 2023లో గుజరాత్ కూడా నిషేధించింది. నాకు ఉన్న అభ్యంతరం ఇంకొకటి: కిలోమీటర్ల కొద్దీ అదొక్కటే నాటాం. అయినా వరుసలన్నీ ఒకేసారి నరికించకండి. అలా చేస్తే మీ వీధి నాలుగైదు వేసవులు బోడిగా ఉండిపోతుంది, లేత మొక్కలకు కాస్త చాటు కూడా దొరకదు. వాటి మధ్య ఖాళీల్లో ఇప్పుడు కొత్తవి నాటి, కొత్తవి తలెత్తు దాటాక, ముందు పైపులకు దగ్గరగా ఉన్నవాటితో మొదలుపెట్టి, విడతలవారీగా తీయించండి. నరకడానికి ముందు 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి తీసుకోవాలి.

ఏడాకుల పాలను వద్దంటాను. అక్టోబరు, నవంబరు రాత్రుల్లో దాని పూల ఘాటు వాసన ఉబ్బసం ఉన్నవారికి యాతన, పైగా ఇప్పటికే అతిగా నాటాం. నిద్రగన్నేరు నీడ అపురూపం, ఉన్న పాత చెట్లను కంటికి రెప్పలా కాపాడండి. కానీ బరువైన కొమ్మలు పక్కలకు చాచే స్వభావం ఉన్నందువల్ల 40 అడుగుల రోడ్డుకు కొత్తగా నాటవద్దు.

మీ తమ్ముడుగారి విశాఖపట్నానికి ఈ జాబితా యథాతథంగా పనికిరాదు. అక్కడ ఎండతో పాటు ఉప్పుగాలి, తుఫాను ముఖ్యం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తాకినప్పుడు ఆ నగరం ఒక్క పూటలో తన పచ్చదనంలో ఎంత పోగొట్టుకుందో ఆయన చూసే ఉంటారు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. తుఫానులో చెట్టు పడడానికి గాలి ఒక్కటే కారణం కాదు. ముందు వాన నేలను మెత్తబరుస్తుంది, ఆపైన గాలి గుబురు తలను పట్టి లాగుతుంది, కాలువ కోసం ఒక పక్క వేర్లు నరికి ఉంటే చెట్టు రెండో పక్కకు ఒరిగిపోతుంది. తురాయి, పసుపుపూల కొండచింత వంటి త్వరగా పెరిగే మెత్తని కర్ర జాతులు ముందు విరుగుతాయి. సముద్రపు ఒడ్డున సహజంగా పెరిగే గంగరావి, పొన్న, కానుగలతో పాటు పొగడ, చింత, నేరేడు అక్కడికి తగినవి. ఖాళీ స్థలం ఉంటే తాటి కూడా నాటవచ్చు. ఒంటరి చెట్టు కంటే ఎత్తుల తేడాతో గుంపుగా నాటినవి ఒకదాని మీద పడే గాలిని ఇంకొకటి తగ్గిస్తాయి. అక్కడ జూన్, జులైలలో నాటి, అక్టోబరు లోపు వేర్లు పట్టేలా చూడమనండి.

మొక్కలు కొనడానికి నర్సరీలకు పేరున్న కడియం వెళ్ళినా, ఊళ్ళోని నర్సరీకి వెళ్ళినా, ఎత్తు చూసి మోసపోకండి. పది అడుగుల మొక్క చిన్న పాలిథిన్ సంచిలో ఉందంటే దాని తల్లివేరు ఎప్పుడో అడుగుకు తగిలి వంకర తిరిగిందని అర్థం. నమూనాగా ఒక సంచిని బ్లేడుతో కోయించి చూడండి. మట్టిముద్ద చుట్టూ వేర్లు తాడు చుట్టినట్టు గుండ్రంగా తిరిగి ఉంటే ఆ వరుస మొత్తం వదిలేయండి. అలాంటి మొక్క నాలుగైదేళ్ళు ఏపుగానే కనిపించి, తన వేర్లే తన మొదలును బిగించగా, ఒక గాలివానకు మొదలంటా వాలిపోతుంది. వేర్లు కొద్దిగా తిరిగి ఉంటే మూడు నాలుగు చోట్ల నిలువుగా గాటు పెట్టి, చేత్తో విడదీసి నాటవచ్చు. ఐదారు అడుగుల ఎత్తు, బొటనవేలంత కాండం, ఒకే తిన్నని నడిమి కొమ్మ ఉన్న మొక్క చాలు. యంత్రాలతో పెకిలించి తెచ్చే పెద్ద చెట్ల మీద డబ్బు పెట్టకండి. కాండం వేర్లుగా చీలే చోటు నేలమట్టానికి కనబడేలా నాటాలి, దాన్ని మట్టిలో పూడ్చితే కాండం కుళ్ళుతుంది. ఊతకర్రకు వదులుగా కట్టి, రెండో ఏడాదికి తీసివేయండి, గాలికి ఊగినప్పుడే కాండం బలపడుతుంది.

సంరక్షణ అక్కరలేని చెట్టు అడిగారు. మొదటి మూడు వేసవులు ఏ చెట్టుకైనా సంరక్షణ కావాలి, ఆ తర్వాత నేను పైన చెప్పినవాటికి దాదాపు అక్కరలేదు. రోజూ చెంబెడు నీళ్ళు చల్లితే వేర్లు పైపైనే తిరిగి, నీళ్ళు ఆపిన వారానికే మొక్కలు వాడిపోతాయి. దానికి బదులు పాదు వెడల్పుగా చేసి, వేసవిలో వారానికి ఒకటి రెండు సార్లు రెండు బిందెల నీళ్ళు నెమ్మదిగా ఇంకనివ్వండి. మీరు చెత్తగా తగలబెట్టించే ఆకును పాదులో మూడు నాలుగు అంగుళాల మందాన, కాండానికి జానెడు దూరం వదిలి పరచండి. ఆ ఆకు నేల వేడిని తగ్గిస్తుంది, తడిని నిలుపుతుంది, కుళ్ళి ఎరువవుతుంది, కుండపోత వాన మట్టిని కొట్టుకుపోకుండా ఆపుతుంది. పార్కులో లాన్‌కు ఇప్పుడు పోస్తున్న బోరు నీళ్ళలో సగాన్ని మొక్కలకు మళ్ళించి, అంచుల్లో గడ్డి బదులు తంగేడు, వావిలి, అడ్డసరం, నందివర్ధనం పొదలు పెట్టండి. తంగేడు ఒకసారి నిలదొక్కుకుంటే నీళ్ళు అడగదు.

గుంతలు మేలో తవ్వించి నీటి పరీక్ష చేయించండి, మొదటి రెండు మంచి వానలు పడ్డాక నాటండి. ఏ గుంతలో నీరు ఎంతసేపు నిలిచిందో, తీగలు ఎంత ఎత్తున ఉన్నాయో, పైపులు ఏ పక్కన పోతున్నాయో ఒక కాగితం మీద వీధుల వారీగా గీసి పంపితే, ఏ గుంతకు ఏ మొక్క తగునో గుర్తుపెట్టి ఇస్తాను.